కొండ అడవికి ఎన్ని క్యాలెండర్లు?

హైదరాబాదు కేబీఆర్ పార్కులో ఉదయం నడకకు వచ్చే మా బృందంలో ఒక రిటైర్డ్ ఇంజనీరు గారు ఉన్నారు. ఒకే ఏడాదిలో ఆయనకు మూడుసార్లు చుక్కెదురైంది. సంక్రాంతి సెలవుల్లో మనవరాలిని ఉత్తరాఖండ్‌లోని పూలలోయకు తీసుకెళ్దామనుకుంటే, అప్పుడది మంచు కింద ఉంటుందన్నారు. ఫిబ్రవరి ఆఖరుకు మున్నార్ దగ్గరి ఎరవికులం జాతీయ ఉద్యానవనం చూద్దామని రైలు టికెట్లు కొన్నాక, ఆ రోజుల్లో గేటు మూసేస్తారని తెలిసింది. పోనీ దగ్గరలోనిదే నయమనుకుని ఆగస్టు పదిహేను సెలవు కలుపుకుని నల్లమలకు కారు తీస్తే, మన్ననూరులో సఫారీ లేదు, అక్టోబరులో రమ్మన్నారు. ఈ మూడు ప్రయాణాలకూ ముందు ఒక ట్రావెల్స్ వాళ్లు ఆయనకు చెప్పిన మాట మాత్రం ఒకటే: "పన్నెండు నెలలూ తెరిచే ఉంటుంది సార్."

"జాతీయ ఉద్యానవనం అంటే జాతిదే కదండీ. జాతికే తాళం వేయడమేమిటి?" అని ఆయన నడక ఆపి మరీ అడిగారు.

ఆయన కోపంలో న్యాయం ఉంది. ఏటా జూన్ 1న పూలలోయ తెరిచారని, అక్టోబరు 1న నల్లమల సఫారీ మొదలైందని పత్రికల్లో ఫొటోతో సహా వస్తుంది. ఎందుకు మూశారో, మూసినన్నాళ్లు లోపల ఏం జరిగిందో రాదు. నిజానికి ఆయనకు అడ్డుపడిన మూడు తాళాలూ ఒక రకానివి కావు. ఒకటి మంచు వేసింది, ఒకటి కొండమేకల కాన్పులు వేశాయి, మూడోది బురద వేసింది. ఆ మూడో దాని మీదే అసలు వాదోపవాదాలున్నాయి.

## ఉద్యానవనం అనే పేరులోనే ఉన్న చిక్కు

ఉద్యానవనం అనగానే మనకు పబ్లిక్ గార్డెన్స్ గుర్తొస్తుంది. పచ్చిక, బెంచీలు, పల్లీల బండి. చట్టం దృష్టిలో జాతీయ ఉద్యానవనం అది కాదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అది అడవి జీవుల కోసం కేటాయించిన నేల. మనుషులు అక్కడికి అనుమతి మీద వచ్చే అతిథులు. ఆ అనుమతి ఏయే పనులకు ఇవ్వవచ్చో చట్టమే చెప్పింది: వన్యప్రాణుల అధ్యయనం, ఫొటోలు, శాస్త్ర పరిశోధన, పర్యటన, లోపల ఉండేవారితో చట్టబద్ధమైన పనులు. పర్యటన ఆ వరుసలో ఒకటి, అంతే. టికెట్ కొన్నంత మాత్రాన అది హక్కుగా మారదు.

విచిత్రమేమిటంటే, మేం రోజూ నడిచే కేబీఆర్ పార్కు కూడా అదే చట్టం కింద జాతీయ ఉద్యానవనమే. చిలుకూరు వైపున్న మృగవని, వనస్థలిపురం దగ్గరి హరిణ వనస్థలి కూడా అంతే. రెండు చదరపు కిలోమీటర్లు కూడా లేని కేబీఆర్‌కూ, 87.5 చదరపు కిలోమీటర్ల పూలలోయకూ చట్టంలో ఒకటే హోదా. మా నడక దారి దిగి బండరాళ్ల మధ్యకు వెళ్లబోతే కాపలా మనిషి ఈల వేస్తాడు చూడండి, ఆ ఈల వెనక ఉన్నది ఈ చట్టమే.

అభయారణ్యం దీనికంటే ఒక మెట్టు సడలింపు ఉన్నది. అక్కడ పశువుల మేతను అధికారులు నియంత్రించి అనుమతించవచ్చు. జాతీయ ఉద్యానవనంలో మేత పూర్తిగా నిషేధం. ఈ చిన్న తేడా పూలలోయలో ఎంత దూరం వెళ్లిందో కాసేపట్లో చూద్దాం. టైగర్ రిజర్వ్ మరో రకం హోదా. ఇందులో నడిబొడ్డు ప్రాంతాన్ని కోర్ అనీ, దాని చుట్టూ మనుషుల బతుకూ అడవీ కలిసి ఉండే పట్టీని బఫర్ అనీ అంటారు. 2012 జులైలో సుప్రీంకోర్టు కోర్ ప్రాంతాల్లో పర్యటనను తాత్కాలికంగా ఆపేసింది. అదే అక్టోబరులో జాతీయ పులుల సంరక్షణ సంస్థ మార్గదర్శకాలు ఇచ్చాక నిషేధం తొలగింది. వాటి ప్రకారం కోర్‌లో 20 శాతం మించి పర్యటనకు వాడకూడదు. వెయ్యి చదరపు కిలోమీటర్ల కోర్ ఉంటే మనకు తెరిచేది గరిష్ఠంగా 200. మిగతా 800లో ఏడాదంతా తాళమే. కాబట్టి పార్కు తెరిచి ఉందన్న రోజున కూడా తెరిచి ఉన్నది పార్కులో ఒక మూల మాత్రమే.

## కార్తెలు కొండెక్కితే

మన క్యాలెండరు మైదానం క్యాలెండరు. రోహిణి కార్తె ఎండలకు రోళ్లు పగులుతాయని మన సామెత. మృగశిర వస్తే నాంపల్లిలో చేప మందు, తొలి చినుకులు, ఊరట. కొండ మీద ఈ లెక్క తప్పుతుంది, ఎందుకంటే ఎత్తు పెరిగేకొద్దీ గాలి చల్లబడుతుంది. ప్రతి వెయ్యి మీటర్లకు సగటున ఆరున్నర డిగ్రీలు తగ్గుతుందని లెక్క.

ఒకసారి వేసి చూద్దాం. హరిద్వార్ సుమారు 300 మీటర్ల ఎత్తులో ఉంది. పూలలోయకు మజిలీ అయిన ఘంఘరియా సుమారు 3,050 మీటర్లు. తేడా 2,750 మీటర్లు, అంటే దాదాపు 18 డిగ్రీలు. జూన్‌లో హరిద్వార్‌లో 38 ఉంటే ఘంఘరియాలో పగలు 20 దగ్గర ఉంటుంది. రాత్రి అయితే స్వెట్టర్ చాలదు. లోయ పై అంచులు 6,000 మీటర్లు దాటుతాయి కాబట్టి అదే పార్కులో అదే రోజున కింద వసంతం, పైన మాఘమాసం. ఒకే పార్కుకు ఫలానాది సీజన్ అని ఒక్క మాటలో చెప్పలేకపోవడానికి మొదటి కారణం ఇదే.

ఎత్తు ఒంటికీ లెక్క చెబుతుంది. 2,500 మీటర్లు దాటాక కొందరికి తలనొప్పి, వాంతి, నిద్ర పట్టకపోవడం మొదలవుతాయి. 3,000 దాటాక రాత్రి పడుకునే ఎత్తును రోజుకు 500 మీటర్లకు మించి పెంచకూడదని వైద్యులు చెప్పేది అందుకే. సముద్రమట్టానికి 540 మీటర్ల దగ్గర బతికే హైదరాబాదీ ఒక్క విమానంలో 3,500 మీటర్ల లేహ్‌లో దిగితే, అక్కడి గాలి పీడనం సముద్రమట్టం దగ్గర ఉండేదానిలో మూడింట రెండు వంతులే. మొదటి రెండు రోజులు గదిలో పడుకోవడం బద్ధకం కాదు.

## పూలలోయ: పూలూ కొండచరియలూ ఒకే వాన బిడ్డలు

పూలలోయ జూన్ 1న తెరుస్తారు, అక్టోబరు 31న మూస్తారు. మిగతా ఏడు నెలలు మంచు. చలికాలంలో ఘంఘరియా ఊరే ఉండదు. దుకాణాలు, లాడ్జీలు మూసి అందరూ కిందికి దిగిపోతారు. రాత్రి బస లోయలో ఏ కాలంలోనూ లేదు. పొద్దున వెళ్లి చీకటి పడేలోగా తిరిగి రావాలి.

ఈ ఐదు నెలలూ ఒకేలా ఉంటాయనుకుంటే పొరపాటు. జూన్ మొదట్లో వెళ్లినవారికి పూల కంటే మంచు ముద్దలే ఎక్కువ కనిపిస్తాయి. దారి మధ్యలో గడ్డకట్టిన వాగుల మీదుగా నడవాలి. ఈ ప్రాంతానికి నైరుతి రుతుపవనాలు జూన్ మూడో, నాలుగో వారానికి చేరతాయి. అప్పటినుంచి లోయ రంగు పక్షానికోసారి మారుతుంది. జులై మధ్య నుంచి ఆగస్టు మధ్య దాకా, మన లెక్కలో పుష్యమి, ఆశ్లేష కార్తెల్లో, పూత పతాక స్థాయిలో ఉంటుంది. ఐదు వందలకు పైగా జాతుల పూమొక్కలున్న లోయ ఇది. నీలి గసగసాల పువ్వు ఆ రోజుల్లోనే. బ్రహ్మకమలం కోసమైతే ఇంకా పైకి, 4,000 మీటర్లు దాటిన హేమకుండ్ సరస్సు దారికి ఆగస్టు, సెప్టెంబరుల్లో వెళ్లాలి. సెప్టెంబరు రెండో సగానికి వాన తగ్గి, ఆకులు పండి, గింజ కడుతుంది. అక్టోబరులో పువ్వు ఉండదు. కానీ మబ్బు వీడి శిఖరాలు కనిపించేది అప్పుడే.

ఇక్కడే ముడి పడుతుంది. పూలు పూయించే వానే రిషీకేశ్-బదరీనాథ్ రహదారి మీద కొండచరియలను విరగ్గొడుతుంది. అంటే లోయ అత్యంత అందంగా ఉండే నెల, లోయకు చేరడం అత్యంత కష్టమైన నెల. ఇది అటవీశాఖ తప్పూ కాదు, రోడ్డువాళ్ల తప్పూ కాదు. ఒక్క కారణానికి రెండు ఫలితాలు.

కొన్నేళ్ల కిందట ఆగస్టు రెండో వారంలో నేనూ మా చెల్లెలూ వెళ్లినప్పుడు జోషీమఠ్‌కు ముందే బండ్లన్నీ ఆగిపోయాయి. మాకంటే ముందు అరకిలోమీటరు పొడవునా వాహనాలు. జేసీబీ వచ్చి మట్టి తీస్తోంది. మేం తొందరపడుతుంటే మా డ్రైవరు ఇంజను ఆపి, కిటికీ దించి, వినమన్నాడు. కొండ పైనుంచి గోళీకాయంత రాళ్లు ఒక్కొక్కటీ టకటకమని రోడ్డు మీద పడుతున్నాయి. ఆ చప్పుడు వినిపిస్తున్నంతసేపు ఎవరూ కదలకూడదట. పెద్ద రాయి ముందు చిన్న రాళ్లను పంపుతుందన్నాడు. మధ్యాహ్నం మూడింటికి ఆగిన బండి మర్నాడు తెల్లవారి ఆరింటికి కదిలింది. ఆ రాత్రి రోడ్డు పక్క రేకుల కొట్టులో ఒక పెద్దావిడ ఉడకబెట్టిన జొన్నపొత్తులు అమ్మింది. ధర పెంచలేదు, అది ఇప్పటికీ ఆశ్చర్యమే.

అంచేత ప్రయాణపు లెక్క ఇలా ఉంటుంది. హైదరాబాదు నుంచి దెహ్రాదూన్ లేదా ఢిల్లీ మీదుగా రిషీకేశ్ చేరడానికి ఒక రోజు. అక్కడినుంచి జోషీమఠ్ 250 కిలోమీటర్లు, కొండదారి కాబట్టి ఇంకో పూర్తి రోజు. మూడో రోజు గోవింద్‌ఘాట్ మీదుగా పుల్నా దాకా జీపు, అక్కడినుంచి ఘంఘరియాకు పది కిలోమీటర్ల నడక. నాలుగో రోజు లోయ. ఐదో రోజు హేమకుండ్, లేదా విశ్రాంతి. తిరుగు ప్రయాణానికి మూడు రోజులు. మొత్తం ఎనిమిది. సెప్టెంబరు ఆఖరులో ఎనిమిది రోజులు సరిపోవచ్చు. ఆగస్టులో అయితే చరియలకు రెండు రోజులు విడిగా కేటాయించి పది అనుకోవాలి. పువ్వుకు మనం చెల్లించే అసలు రుసుము ఆ రెండు రోజులు.

2013 జూన్ వరదల్లో గోవింద్‌ఘాట్ నుంచి ఘంఘరియా వెళ్లే బాట, వంతెన కొట్టుకుపోయాయి. ఆ ఏడాది క్యాలెండరులో లోయ తెరిచే తేదీ ఉంది. దారే లేదు.

## మేత ఆపితే పూలు పెరిగాయా, తగ్గాయా?

1931లో ఫ్రాంక్ స్మైత్ అనే బ్రిటిష్ పర్వతారోహకుడు కామెట్ శిఖరం ఎక్కి దిగుతూ దారి తప్పి ఈ లోయలోకి వచ్చి, దాన్ని కనుక్కున్నాడని చెబుతారు. తాతల కాలం నుంచి వేసవిలో అక్కడే మందలు మేపుకున్న కాపరులకు ఈ మాట చెబితే ఏమంటారో ఊహించుకోవచ్చు. 1982లో లోయ జాతీయ ఉద్యానవనమైంది. చట్టం ప్రకారం మేత ఆగిపోయింది.

ఆ తర్వాత పాలీగోనమ్ అనే మొక్క లోయలో ఎక్కువగా పాకడం మొదలైంది. మనిషెత్తు పెరిగి, తెల్లటి పూత పూసి, కింద ఉండే చిన్న మొక్కలకు ఎండ తగలనివ్వదు. దీనిమీద రెండు వాదనలున్నాయి. గొర్రెలు, మేకలు లేత చిగుళ్లు తిని, తొక్కి దాన్ని అదుపులో ఉంచేవని, మేత ఆపడం వల్లే అది చెలరేగిందని కొందరు స్థానికులు, కొందరు పరిశోధకులు అంటారు. రెండో వాదన ప్రకారం, ఆ మొక్క పరాయిది కాదు, హిమాలయాలదే. చరియలు విరిగి మట్టి కదిలినచోట, పాత మందల పెంట వల్ల నేల బలిసినచోట సహజంగానే ముందు లేస్తుంది. మందలను మళ్లీ పంపితే నాజూకైన మొక్కలే ముందు పోతాయి. అటవీశాఖ మధ్యదారి పట్టింది: పూత కాలంలో కూలీలను పెట్టి ఆ మొక్కను చేత్తో పీకిస్తుంది.

నా మటుకు నాకు మొదటి వాదనలో సగమైనా నిజం ఉందనిపిస్తుంది. మనిషిని తీసేస్తే అడవి తనంతట తాను పాత స్థితికి వెళ్తుందన్న నమ్మకం అన్నిచోట్లా పనిచేయదు. అలాగని అది ఎక్కడా పనిచేయదనీ కాదు. పూలలోయ ఉన్న చమోలీ జిల్లాలోనే నందాదేవి జాతీయ ఉద్యానవనాన్ని పర్వతారోహక బృందాలు చెత్తతో, వంటచెరకు నరుకుడుతో పాడుచేశాయని 1980ల మొదట్లో మనుషులకు మూసేశారు. అక్కడ అడవి కోలుకుంది. కానీ బరువులు మోసీ దారి చూపించీ బతికిన చుట్టుపక్కల ఊళ్ల జీవనాధారం పోయింది. ఇరవై ఏళ్ల తర్వాత, 2003లో, ఒక చిన్న భాగాన్ని పరిమితంగా తెరిచారు.

## ఎరవికులం: బాలింతల కోసం వేసిన తాళం

కేరళలోని ఇడుక్కి జిల్లాలో 97 చదరపు కిలోమీటర్ల ఎరవికులం తాళం కథ ఇంత జటిలం కాదు. దక్షిణాదిలో అతి ఎత్తైన ఆనముడి శిఖరం, 2,695 మీటర్లు, ఇందులోనే ఉంది. నీలగిరి తార్ అనే కొండమేకలు ప్రపంచంలో మరెక్కడా లేనంత పెద్ద సంఖ్యలో ఉన్నది ఇక్కడే. మలయాళంలో వాటిని వరయాడు అంటారు, కొండచరియ మేక అని అర్థం. అవి జతకట్టేది వానాకాలంలో, ఈనేది జనవరి, ఫిబ్రవరి ప్రాంతంలో. అందుకే మామూలుగా ఫిబ్రవరి నుంచి మార్చి ఆఖరు దాకా పర్యాటకులకు మూసి, ఏప్రిల్‌లో తెరుస్తారు. పసికూన తల్లి వెంట నిలదొక్కుకునే వారాల్లో ఫోన్లు పట్టుకున్న జనం మధ్యకు రాకూడదు. దీనిమీద పెద్దగా వివాదం లేదు, కారణం తేదీతో సహా కళ్లముందు ఉంది కాబట్టి.

ఈ మేకలకు మనుషులంటే భయం తక్కువ. పర్యాటకులను అనుమతించే రాజమల వాలులో పొగమంచు విడినప్పుడు రోడ్డు గోడ పక్కనే నిలబడి, నెమరు ఆపి మనల్ని చూసి, మళ్లీ నెమరు అందుకుంటాయి. కాన్పుల కాలంలో మూయాల్సి రావడానికి ఆ నెమ్మదితనమే కారణం. భయపడి పారిపోయే జంతువైతే జనానికి దూరంగా తన చోటు తాను వెతుక్కునేది.

ఇక్కడ ఇంకో క్యాలెండరు ఉంది, దాని ఏడాదికి 144 నెలలు. నీలకురింజి పన్నెండేళ్లకోసారి పూస్తుంది. 2006లో పూసింది, 2018లో పూసింది, మళ్లీ 2030లో. 2018లో జరిగింది చూడండి. పన్నెండేళ్లు ఎదురుచూసిన జనం ఆగస్టుకు గదులు మాట్లాడుకున్నారు. సరిగ్గా ఆ ఆగస్టులో కేరళను వరదలు ముంచాయి, మున్నార్ చుట్టూ రోడ్లు, వంతెనలు దెబ్బతిన్నాయి. కొండ నీలమైంది కానీ చూసినవారు తక్కువ. 2020 ఆగస్టులో రాజమల దగ్గరి పెట్టిముడిలో తేయాకు కార్మికుల ఇళ్ల వరుసల మీద రాత్రిపూట కొండ విరిగిపడి 70 మంది చనిపోయారు. వానాకాలంలో పశ్చిమ కనుమలు అందంగా ఉంటాయని ఫొటోలు పెట్టేటప్పుడు, ఆ వాలు కింద ఏడాది పొడవునా నివసించేవారున్నారని గుర్తుండాలి.

## నల్లమల: రోడ్డు తెరిచినా అడవి తెరిచినట్టు కాదు

అమ్రాబాద్ జాతీయ ఉద్యానవనం కాదు, టైగర్ రిజర్వ్. 2014లో రాష్ట్రం విడిపోయాక నాగార్జునసాగర్-శ్రీశైలం రిజర్వులో తెలంగాణకు వచ్చిన భాగం. విస్తీర్ణం 2,611 చదరపు కిలోమీటర్లు. హైదరాబాదుకు దగ్గరి టైగర్ రిజర్వ్ ఇదే. మన్ననూరు 140 కిలోమీటర్లలోపే. ఇక్కడ జనాన్ని తికమకపెట్టేది శ్రీశైలం రహదారి. అది అడవి మధ్య నుంచి పోతుంది, ఏడాదంతా నడుస్తుంది. రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు మాత్రం బండ్లను ఆపేస్తారు. ఆగస్టులో మా ఇంజనీరు గారు ఆ రోడ్డు మీద ఆర్టీసీ బస్సులు పోవడం చూసి, బస్సుకు లేని అడ్డు సఫారీ జీపుకెందుకని వాదించారట. బస్సు పోయేది రహదారి మీద. జీపు పోయేది ఫరహాబాద్ వైపు మట్టిదారిలో.

జులై 1 నుంచి సెప్టెంబరు 30 దాకా సఫారీ ఆపడానికి మామూలుగా చెప్పే కారణం, అది జంతువులు జతకట్టే కాలమని. ఇది పూర్తిగా నిలిచే మాట కాదు. పులికి ఫలానా నెలలోనే కూనలు పుడతాయన్న నియమం లేదు. అన్ని కాలాల్లోనూ ఈనుతుంది. తాళం సమర్థకుల దగ్గర ఇంతకంటే గట్టి కారణాలున్నాయి. వానలో మట్టిదారి మీద రోజుకు పది జీపులు తిరిగితే గాడులు పడతాయి, గాడులు వాగులవుతాయి. కొత్త గడ్డి లేచేది అప్పుడే. సిబ్బందిని పర్యాటకుల వెనక తిప్పకుండా కాలినడక గస్తీకి పంపాల్సింది కూడా అప్పుడే, ఎందుకంటే జీపులు పోలేని కాలమంటే వేటగాళ్లకు ఇష్టం.

ఎదుటి వాదన కూడా వినదగ్గదే. కర్ణాటకలోని బందీపూర్, కేరళలోని పెరియార్ వానాకాలంలోనూ సందర్శకులను అనుమతిస్తాయి. ఉత్తరాఖండ్‌లోని కార్బెట్ పార్కులో ఢికాలా జోన్ జూన్ మధ్య నుంచి నవంబరు మధ్య దాకా మూసినా, ఝిర్నా ఏడాదంతా తెరిచే ఉంటుంది. నేల గట్టిగా ఉన్నచోట, దారి కంకర వేసినచోట, మొత్తానికి మొత్తం మూయడం దేనికని వీరి ప్రశ్న. పైగా గైడ్లుగా, డ్రైవర్లుగా పనిచేసే చెంచు యువకులకు ఆ మూడు నెలల జీతం సంగతి ఎవరు చూస్తారు?

తెరిచిన తొమ్మిది నెలలూ కూడా సమానం కాదు. అక్టోబరు, నవంబరుల్లో, మన కార్తీక వనభోజనాల వేళకు, అడవి పచ్చగా దట్టంగా ఉంటుంది. పది అడుగుల అవతల జింక ఉన్నా కనిపించదు. మార్చి, ఏప్రిల్‌లో ఆకు రాలి, గడ్డి ఎండి, చూపు దూరం పోతుంది. అటవీశాఖ నింపే సాసర్ పిట్లు అనే నీటి తొట్ల దగ్గరకు జంతువులు నీళ్లకు వస్తాయి. జంతువును చూడాలంటే అడవి వికారంగా ఉన్నప్పుడు రావాలి. అదే కార్చిచ్చుల కాలం కూడా. సరిగ్గా ఆ రోజుల్లోనే, చైత్ర పౌర్ణమికి, సలేశ్వరం జాతర. లోతైన లోయలోని లింగమయ్య దర్శనానికి వేలాది మంది కోర్ అడవిలో నడుస్తారు. పర్యాటకుడికి 20 శాతం గీత గీసిన చట్టం భక్తుడి దగ్గర మెత్తబడుతుంది. ఆ లింగమయ్య చెంచుల దేవుడు, ఆ దారి రిజర్వు కంటే పాతది. కాబట్టి జాతరను ఆపమనేవారు తక్కువ, రోజులు కుదించమనేవారు, ప్లాస్టిక్ ఆపమనేవారు ఎక్కువ.

## చలే మంచి కాలమైన చోటు

లద్దాఖ్‌లోని హెమిస్, సుమారు 4,400 చదరపు కిలోమీటర్లతో మన దేశంలో అతి పెద్ద జాతీయ ఉద్యానవనం. నడకకు వచ్చేవారు జూన్ నుంచి సెప్టెంబరులోపు వస్తారు. మంచు చిరుతను చూడాలనేవారు మాత్రం జనవరి నుంచి మార్చి మధ్య, నీళ్ల సీసా గడ్డకట్టే చలిలో వస్తారు. భరల్ అనే నీలి గొర్రెలు మేత కోసం కిందికి దిగుతాయి, వాటి వెనక చిరుత దిగుతుంది. పైగా అది దాని జతకట్టే కాలం. మిగతాచోట్ల జతకట్టే కాలమని మూస్తే, ఇక్కడ సందర్శకులకు అదే ఆకర్షణ. ఇక్కడ చూడటమంటే ఎదుటి లోయ అంచు నుంచి దూరదర్శినిలో ఒక బూడిదరంగు చుక్కను చూడటం కాబట్టి నడిచిపోతోంది.

## ఏడాదంతా తెరిస్తే రద్దీ తగ్గుతుందా?

తగ్గుతుందని చాలామంది నమ్ముతారు. వినడానికి సబబుగానే ఉంటుంది: అదే జనం తొమ్మిది నెలలకు బదులు పన్నెండు నెలల్లో సర్దుకుంటారు. ఒక ఊహాజనిత పార్కుతో లెక్క వేద్దాం.

సఫారీ దారి 20 కిలోమీటర్లు. బండికీ బండికీ మధ్య అరకిలోమీటరు ఉండాలంటే ఒక్కసారికి 40 బండ్లు. పొద్దున, సాయంత్రం కలిపి 80. నీటి గుంటల దగ్గర, మలుపుల్లో గుమికూడకుండా సగం తగ్గిస్తే 40. బండికి ఆరుగురు చొప్పున రోజుకు 240 మంది. ఏడాదికి 60,000 మంది వస్తారనుకుందాం. వారిలో ఐదింట మూడు వంతులు, అంటే 36,000 మంది, శనాదివారాలు, పండగలు కలిపి 90 రోజుల్లోనే వస్తారు. రోజుకు 400. పరిమితి దాటిపోయింది. మిగతా 24,000 మంది తొమ్మిది నెలల్లో మిగిలిన 183 రోజుల్లో వస్తే రోజుకు 131. సగం ఖాళీ.

ఇప్పుడు వానాకాలం మూడు నెలలూ తెరవండి. శనాదివారాలు పోను మామూలు రోజులు 183 నుంచి సుమారు 250 అవుతాయి, రోజుకు 131 కాస్తా 96 అవుతుంది. ఆ మూడు నెలల శనాదివారాలు కొంత భారం పంచుకుంటాయేమో కానీ, సంక్రాంతి నాటి 400 మాత్రం 400గానే ఉంటుంది. రద్దీని తెచ్చేది అడవి క్యాలెండరు కాదు, మన సెలవుల క్యాలెండరు. అందువల్ల రద్దీకి మందు రోజువారీ పరిమితే. పన్నెండు నెలలూ తెరవాలనడానికి బలమైన కారణం ఉంటే అది గైడ్ల జీతాలు.

## హైదరాబాదు బడి సెలవులను వీటి మీద పరిస్తే

వేసవి సెలవులు ఏప్రిల్ ఆఖరు నుంచి జూన్ రెండో వారం దాకా. ఎరవికులం అప్పటికి తెరిచి ఉంటుంది, వానలు ఇంకా రావు, పిల్ల తార్‌లు తల్లుల వెనక గెంతుతుంటాయి, సరిగ్గా అమరుతుంది. పూలలోయ జూన్ 1న తెరుస్తారు, పువ్వు రాకముందే బడి తెరుస్తారు. జులై, ఆగస్టుల్లో పిల్లలతో వెళ్లడమంటే బడి ఎగ్గొట్టించడమే. సంక్రాంతి వారం రోజులకు నల్లమల నప్పుతుంది.

దసరా సంగతి మాత్రం ఏ ఏటికా ఏడు చూడాలి. పండగ తిథిని బట్టి కదులుతుంది, అటవీశాఖ తేదీ కదలదు. 2025లో విజయదశమి అక్టోబరు 2న వచ్చింది. సెలవులు చాలావరకు సెప్టెంబరులోనే అయిపోయాయి, నల్లమల మూసి ఉన్నప్పుడే. 2026లో అధిక జ్యేష్ఠం వల్ల పండగ అక్టోబరు 20కి వెళ్లింది, సెలవులు తెరిచిన అడవి మీద పడతాయి. ఒక అధిక మాసం సఫారీని చేతికి తెచ్చిందన్నమాట.

ఇదంతా మా ఇంజనీరు గారికి రెండు రోజుల నడకలో చెప్పాను. ఆయన మే నెలకు ఎరవికులం ఖాయం చేసుకున్నారు. తర్వాత ఫోను తీసి 2030 ఆగస్టు పేజీ తెరిచి, నీలకురింజి అని రాసుకుని, వేళ్ల మీద ఏదో లెక్కపెట్టారు.

"అప్పటికి మనవరాలు పదో తరగతండీ," అన్నారు. "వాళ్లమ్మ పంపదు."